ఇంజను విప్పి బిగించాక సెల్ఫ్ కీచుమంటోంది, కూలెంట్ కారుతోంది. రెండింటికీ కారణం ఒకటేనా?

నీలంట్రక్కు | శనివారం ఉదయం 9:10

అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి.

మా నాన్నగారు ఎన్నో ఏళ్ళు నడిపిన పికప్ ట్రక్కు ఇది. ఇంజను షెవ్రొలే 350, అంటే 5.7 లీటర్ల వి8. క్రాంకు వెనక సీలు రెండు ముక్కలుగా వచ్చే పాత రకం, 1986కు ముందుది. బోరింగ్ చేయించి పిస్టన్లు, రింగులు, బేరింగులు, కామ్, లిఫ్టర్లు అన్నీ కొత్తవి వేశాను. మెషిన్ షాపు పని తప్ప బిగింపు మొత్తం నా చేతుల మీదుగానే జరిగింది. ఎనిమిది నెలల సాయంత్రాలు దీనికే పోయాయి.

మొన్న మొదటిసారి సెల్ఫ్ కొట్టాను. ఇంజను అందుకుంది. అందుకున్న మరుక్షణం, తాళం వదులుతుండగా, చెవులు చిల్లులు పడేలా కీచుమని ఒక శబ్దం వచ్చింది. ఆపి మళ్ళీ కొడితే మళ్ళీ అదే. మూడోసారి కొంచెం తగ్గింది, నాలుగోసారి ఇంకా పెరిగింది. పైగా సెల్ఫ్ బరువుగా, ఈడ్చినట్టు తిరుగుతోంది.

పది నిమిషాలు నడిచాక కింద చూస్తే కుడివైపు, సరిగ్గా సెల్ఫ్ మోటారు ముక్కు మీద నుంచి ఆకుపచ్చ నీళ్ళు చుక్కలుగా పడుతున్నాయి. వెంటనే ఆపేశాను. రేడియేటర్‌లో నీటిమట్టం రెండంగుళాలు తగ్గింది.

సెల్ఫ్ తడవడం వల్లే ఆ శబ్దం వస్తోందా? బ్లాకే పగిలిందా? రాత్రి నిద్ర పట్టలేదు.

పాతస్పానర్ | శనివారం ఉదయం 9:42

ముందు ఒక్క మాట, దయచేసి ఇప్పుడే వినండి. మళ్ళీ సెల్ఫ్ కొట్టకండి.

కూలెంట్ ఎక్కడికి పోతోందో తెలియనంతవరకు అది సిలిండర్‌లోకి పోతోందేమో అన్న అనుమానం ఉండాల్సిందే. గాలిని పిస్టన్ నొక్కగలదు, నీటిని నొక్కలేదు. వాల్వులు మూసుకున్న సిలిండర్‌లో నీళ్ళు నిలిచి ఉండగా సెల్ఫ్ కొడితే ఇంజను ధభీమని ఆగిపోతుంది. పక్క సిలిండర్ అందుకుని బలంగా తిప్పిందంటే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. సెల్ఫ్ ఈడ్చినట్టు తిరుగుతోందన్న మీ మాట చదవగానే నాకు మొదట తట్టింది ఇదే.

ఎనిమిది స్పార్క్ ప్లగ్గులూ తీయండి. ఏ ప్లగ్గు ఏ సిలిండర్‌దో గుర్తు పెట్టుకోండి. జ్వలన తీగ ఊడదీసి, ప్లగ్గు రంధ్రాలకు దూరంగా నిలబడి, క్రాంకును ముందు చేత్తో రెండు చుట్లు తిప్పండి. తర్వాతే సెల్ఫ్ కొట్టండి. ఏ రంధ్రం నుంచైనా నీళ్ళు చిమ్మితే హెడ్ (సిలిండర్ల పైన మూతలా బిగిసే భాగం) విప్పాల్సిందే. ఏదైనా ఒక ప్లగ్గు కడిగినట్టు తెల్లగా ఉన్నా అదే అనుమానం.

వోల్టుమీటర్ | శనివారం ఉదయం 10:05

పాతస్పానర్ గారు చెప్పింది ముందు చేయండి. ఆ తర్వాత ఒక ప్రశ్న. బ్లాకుకు రంగు వేశారా? వేస్తే సెల్ఫ్ కూర్చునే చోట, ఎర్త్ వైరు బిగించే చోట ఆ రంగు గీకారా?

సెల్ఫ్ మోటారుకు నెగెటివ్ తీగ వేరుగా ఉండదు. దాని ఒళ్ళే ఎర్త్. బ్యాటరీ నుంచి వచ్చిన కరెంటు మోటారు ఒంట్లోంచి బ్లాకుకు, బ్లాకు నుంచి ఎర్త్ వైరుకు పోవాలి. మధ్యలో రంగు పొర అడ్డుపడితే కరెంటు బోల్టు మరల గుండా దారి వెతుక్కుంటుంది. ఫలితం ఈడ్చినట్టు తిరగడమే.

మల్టీమీటరు ఉంటే కొలవడం సులువు. ఒక కొన బ్యాటరీ నెగెటివ్ మీద, రెండోది సెల్ఫ్ ఒంటి మీద పెట్టి, ఎవరినైనా సెల్ఫ్ కొట్టమనండి. 0.2, 0.3 వోల్టుల దాకా ఫర్వాలేదు. అంతకు మించితే ఎర్త్ దారి బాగాలేదు. పాజిటివ్ వైపు కూడా బ్యాటరీ నుంచి మోటారు దాకా అరవోల్టుకు మించి పోకూడదు. సెల్ఫ్ కొడుతున్నంతసేపు బ్యాటరీ దగ్గర 9.6 వోల్టులకు తగ్గకుండా ఉండాలి.

మైక్రోమీటర్ | శనివారం ఉదయం 11:30

నేను మెషిన్ షాపులో పనిచేస్తాను. కీచు శబ్దం గురించి చెబుతాను, ఎందుకంటే అది *ఎప్పుడు* వస్తోందన్నదాన్ని బట్టే సగం జవాబు దొరుకుతుంది. నీలంట్రక్కు గారు ఆ క్షణాన్ని చక్కగా గమనించి రాశారు.

ఇంజను అందుకోకముందు, సెల్ఫ్ తిప్పుతున్నప్పుడే సన్నగా కీచుమంటే పినియన్‌కు (సెల్ఫ్ ముక్కులోని చిన్న పళ్ళ చక్రం), రింగ్ గేరుకు (అది తిప్పే, ఇంజను వెనకున్న పెద్ద పళ్ళ చక్రం) మధ్య ఎడం ఎక్కువైందని అర్థం. పళ్ళు కొసల మీదే పట్టుకుంటున్నాయి. ఇంజను అందుకున్నాక, తాళం వదులుతుండగా వస్తే ఎడం మరీ తక్కువ. పళ్ళు ఒకదానిలో ఒకటి బిగుసుకుని పినియన్ వెంటనే వెనక్కి రాలేకపోతోంది. మీది ఈ రెండోదే. ఇంజను అందుకున్నాక సైరన్‌లా ఊళ పెడితే, వేగం పెంచేకొద్దీ ఆ ఊళ పెరిగితే అది బెండిక్స్‌లోని (పినియన్ ఉండే భాగం) క్లచ్ పోయిన గుర్తు. మోటారు నెమ్మదించి ఆగేటప్పుడు గరగరమని గానీ కొట్టుకున్నట్టు గానీ వినిపిస్తే మోటారు లోపల తిరిగే ఆర్మేచర్ వంగి ఉంటుంది.

ఈ ఇంజనులో సెల్ఫ్ కింది నుంచి బ్లాకుకు బిగుస్తుంది కాబట్టి షిమ్‌లతో, అంటే మధ్యలో పెట్టే పలుచటి రేకులతో, ఎడం సరిచేయవచ్చు. రింగ్ గేరు ఉండే పళ్ళెం, అంటే ఫ్లెక్స్‌ప్లేట్, ఎన్ని పళ్ళది వేశారు? 153 పళ్ళదా, 168 పళ్ళదా? చిన్నది సుమారు 12¾ అంగుళాలు, పెద్దది 14 అంగుళాలు. చిన్నదానికి సరిపోయే సెల్ఫ్‌కు బోల్టు రంధ్రాలు పక్కపక్కనే ఒక వరుసలో, పెద్దదానికి సరిపోయేదానికి కొంచెం వంకరగా ముందూవెనకా ఉంటాయి. ఒకదాని ముక్కు ఇంకోదానికి పనికిరాదు.

ఇంకొకటి, సెల్ఫ్ బోల్టులు ఎలా ఉన్నాయి? ఫొటో పెట్టగలరా?

ట్రక్కుప్రేమి | శనివారం మధ్యాహ్నం 12:15

లీకు చిన్నదే అయితే రేడియేటర్‌లో వేసే సీలింగ్ పొడి ప్రయత్నించి చూడవచ్చు కదా? నా బండిలో వేశాను, రెండేళ్ళు ఏ ఇబ్బందీ రాలేదు.

పాతస్పానర్ | శనివారం మధ్యాహ్నం 12:40

ట్రక్కుప్రేమి గారూ, మీ అనుభవాన్ని కాదనను. కొన్ని ఇంజన్లకు తయారీదారులే సీలింగ్ బిళ్ళలు వేయమని చెప్పిన సందర్భాలూ ఉన్నాయి. కానీ ఇది ఇప్పుడే బిగించిన ఇంజను. దారి మధ్యలో పాత బండి ఊటను ఆపి ఇంటికి చేరడం వేరు, కొత్త పనిలోని తప్పును పొడితో కప్పేయడం వేరు. ఆ కూలెంట్ ఆయిల్‌లోకి గానీ పోతుంటే పొడి వేసి ధైర్యంగా నడిపిన ప్రతి కిలోమీటరూ కొత్త బేరింగులను తినేస్తుంది. దయచేసి ఇప్పుడు వద్దు.

నీలంట్రక్కు | శనివారం సాయంత్రం 6:50

అందరికీ ధన్యవాదాలు. చెప్పినవన్నీ వరసగా చేశాను.

ప్లగ్గులన్నీ పొడిగా, ఒకే రంగులో ఉన్నాయి. చేత్తో తిప్పాను, తర్వాత సెల్ఫ్ కొట్టాను. ఎక్కడా చుక్క చిమ్మలేదు. ఆ క్షణంలో నా గుండె బరువు దిగింది.

వోల్టుమీటర్ గారూ, రంగు వేశాను. అన్నిచోట్లా వేశాను, సెల్ఫ్ కూర్చునే చోటుతో సహా. బ్యాటరీ 12.5, సెల్ఫ్ కొడుతున్నప్పుడు 10.4. బ్యాటరీ నెగెటివ్‌కు సెల్ఫ్ ఒంటికి మధ్య 0.9 వోల్టులు చూపించింది.

మైక్రోమీటర్ గారూ, ఫ్లెక్స్‌ప్లేట్ కొత్తది, 168 పళ్ళు. సెల్ఫ్ రంధ్రాలు వంకరగానే ఉన్నాయి. ఫొటో పెట్టాను. పాత సెల్ఫ్ బోల్టులు కనిపించక డబ్బాలో ఉన్న అదే సైజు బోల్టులు వేశాను.

మైక్రోమీటర్ | శనివారం రాత్రి 7:25

ఫొటో చూశాను. శబ్దం ఒకసారి తగ్గి ఒకసారి పెరగడానికి కారణం అందులోనే ఉంది.

ఈ సెల్ఫ్‌కు వచ్చే అసలు బోల్టులు మామూలువి కావు. తల కింద కొంతమేర మరలు లేని భాగం ఉంటుంది, దాని చుట్టూ సన్నని గరుకు గీతలు చెక్కి ఉంటాయి. ఆ గరుకు భాగం బ్లాకులోని రంధ్రంలో బిర్రుగా దిగి సెల్ఫ్‌ను ఒకే స్థానంలో నిలుపుతుంది. మోటారును మోయడం ఆ బోల్టుల పనిలో సగమే, దాన్ని కచ్చితమైన చోట కూర్చోబెట్టడం మిగతా సగం. మామూలు బోల్టు సన్నగా ఉంటుంది కాబట్టి చుట్టూ ఖాళీ మిగులుతుంది. సెల్ఫ్ కొట్టిన ప్రతిసారీ మోటారు ఆ ఖాళీలో కాస్త పక్కకు జరుగుతుంది. అలాగే వదిలేస్తే పళ్ళు అరిగిపోవడంతో ఆగదు, బ్లాకుకున్న చెవి కూడా విరగవచ్చు. విరిగిన బ్లాకులను నేను చూశాను. చాలా బాధ కలిగించే దృశ్యం అది, ఎందుకంటే లోపల ఇంజనంతా బాగానే ఉంటుంది.

అసలు బోల్టులు తెప్పించండి, 3/8 అంగుళాలవి. బిగింపు 40 నుంచి 47 న్యూటన్ మీటర్లు. మోటారు వెనక భాగాన్ని బ్లాకుకు కలిపే చిన్న పట్టీ ఒకటి ఉండాలి, చాలామంది దాన్ని అనవసరమని పక్కన పడేస్తారు. మీది ఉంటే తప్పకుండా పెట్టండి.

ఎడం కొలిచే పద్ధతి చెబుతాను. బ్యాటరీ నెగెటివ్ తీసేయండి. కింది రేకు మూత విప్పి, పినియన్‌ను స్క్రూడ్రైవర్‌తో ముందుకు లాగి రింగ్ గేరులోకి దింపండి. పినియన్ పంటి కొసకూ, రింగ్ గేరు పళ్ళ మధ్య పల్లానికీ నడుమ ఎంత ఖాళీ ఉందో గుండ్రటి తీగ గేజితో చూడండి. 0.5 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, 0.9 దాకా ఉండవచ్చు. తీగ గేజి లేకపోతే కాగితాలకు పెట్టే మామూలు క్లిప్పు తీగ పై హద్దుకు దగ్గరగా ఉంటుంది, అంచనాకు పనికొస్తుంది. ఫ్లెక్స్‌ప్లేటును చుట్టూ తిప్పుతూ మూడు నాలుగు చోట్ల కొలవండి. అది వంకరగా తిరుగుతుంటే ఒకచోట సరిపోయింది ఇంకోచోట సరిపోదు.

ఒక జాగ్రత్త. రంగు గీకాకే కొలవండి. కింది నుంచి బిగిసే సెల్ఫ్‌కు ఆ రంగు పొర పలుచటి షిమ్‌లా పనిచేస్తోంది. అది గీకేస్తే పినియన్ ఇంకాస్త దగ్గరవుతుంది.

చక్రం | శనివారం రాత్రి 8:10

మధ్యలో వస్తున్నందుకు మన్నించండి. నాది నాలుగు సిలిండర్ల ఇంజను. క్లచ్ మార్చాక సెల్ఫ్ ఇలాగే అరుస్తోంది. నేను కూడా షిమ్‌లు వేయాలా?

డీజిల్‌గుండె | శనివారం రాత్రి 8:30

చక్రం గారూ, మీ సెల్ఫ్ గేర్‌బాక్సు గంటకు (ముందున్న గంట ఆకారపు తొడుగుకు) పక్క నుంచి, గుండ్రటి రంధ్రంలో దిగి బిగుస్తుందా? అయితే దాని స్థానాన్ని ఆ రంధ్రమే నిర్ణయిస్తుంది, షిమ్‌లతో పనిలేదు. చాలా ఇంజన్లలో బ్లాకుకు, గేర్‌బాక్సుకు మధ్య పలుచటి రేకు ప్లేటు ఒకటి వస్తుంది. గేర్‌బాక్సు దింపినప్పుడు అది తీసి పక్కన పెట్టి మళ్ళీ వేయడం మరిచిపోవడం మామూలే. అది లేకపోతే సెల్ఫ్ లోతు మారిపోతుంది. ముందు అది చూడండి.

ప్లేటు ఉంటే రింగ్ గేరు పళ్ళు చూడండి. నాలుగు సిలిండర్ల ఇంజను ఆపినప్పుడల్లా ఇంచుమించు రెండే స్థానాల్లో ఆగుతుంది, అందుకే పళ్ళు ఎదురెదురుగా రెండు చోట్లే అరుగుతాయి. శబ్దం ఒకసారి వచ్చి ఒకసారి రాకపోతే ఇదే కావచ్చు.

చక్రం | శనివారం రాత్రి 8:48

ప్లేటు! షెడ్డులో గోడకు ఆనించి ఉంది. ఇప్పుడే చూశాను. కృతజ్ఞతలు. ఇక నీలంట్రక్కు గారి చర్చకు అడ్డు రాను.

పాతస్పానర్ | ఆదివారం ఉదయం 7:20

ఇప్పుడు లీకు సంగతి. నీలంట్రక్కు గారూ, సెల్ఫ్ మీద చుక్క పడుతోందంటే లీకు సెల్ఫ్ దగ్గరే ఉందని కాదు. నీరు బ్లాకు పక్కన ఏ గట్టు దొరికితే దాని మీద పాకి, చివరికి అన్నిటికన్నా కిందికి వేలాడే భాగం నుంచి రాలుతుంది. ఈ ఇంజనులో కుడివైపు ఆ భాగం సెల్ఫే. మీరు వెతకాల్సింది తడి ఉన్న అన్నిటికన్నా *పై* చోటు.

ఇంజను చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత స్థానంలో ప్రెషర్ టెస్టరు బిగించి, మూత మీద రాసి ఉన్న ఒత్తిడి దాకా పంపు కొట్టండి. మీదాంట్లో చదరపు అంగుళానికి 15 పౌండ్లు అయి ఉంటుంది. అంతకు మించవద్దు. తర్వాత ఊరికే కూర్చోండి, ఇరవై నిమిషాలు, అరగంట. ఫ్యాను తిరగదు, వేడి ఆరబెట్టదు, కాబట్టి ఊట ఎక్కడ మొదలవుతోందో కనిపిస్తుంది. చిన్న అద్దం, టార్చిలైటు దగ్గర పెట్టుకోండి.

కుడివైపు చూడాల్సినవి చెబుతాను. బ్లాకు పక్కన మూడు కోర్ ప్లగ్గులు (నీటి గది రంధ్రాలను మూసే రేకు బిరడాలు), నీళ్ళు దించే ప్లగ్గు, పైన ఇన్‌టేక్ మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పంచే భాగం) ముందు వెనక మూలలు, వాటర్ పంపు అడుగున చిన్న రంధ్రం. ఫ్లెక్స్‌ప్లేట్ వెనక బ్లాకు వీపు మీద ఇంకో రెండు కోర్ ప్లగ్గులు ఉంటాయి. నీరు గేర్‌బాక్సు గంట అడుగు నుంచి కారితే వాటిని అనుమానించాలి.

అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న చివరికి ఉంచాను. హెడ్ బోల్టుల మరలకు సీలెంట్ రాశారా?

నీలంట్రక్కు | ఆదివారం ఉదయం 8:05

లేదు. మరలకు, తలల కింద ఇంజన్ ఆయిల్ రాశాను. టార్క్ రెంచ్‌తో మూడు దఫాలుగా, మధ్య నుంచి బయటికి, 88 న్యూటన్ మీటర్ల దాకా బిగించాను. ఆయిల్ రాస్తే సరిపోతుందనుకున్నాను.

డీజిల్‌గుండె | ఆదివారం ఉదయం 8:22

బిగింపు క్రమంలో తప్పేమీ లేదు. చాలా ఇంజన్లలో హెడ్ బోల్టు రంధ్రం అడుగు మూసి ఉంటుంది. వాటికి ఆయిలే సరైనది. పైగా అలాంటి మూసిన రంధ్రంలో ఆయిలో నీళ్ళో నిండి ఉండగా బోల్టు బిగిస్తే ఆ ద్రవానికి దారిలేక బ్లాకే చిట్లవచ్చు. మీ ఇంజను వేరు. దాని సంగతి ఇంజను రకం తెలిసినవారు చెప్పాలి.

మైక్రోమీటర్ | ఆదివారం ఉదయం 8:40

నేను చెబుతాను. షెవ్రొలే స్మాల్ బ్లాక్‌లో ఒక్కో హెడ్‌కు 17 బోల్టులు. ఆ 17 రంధ్రాలూ అడుగున నీటి గదిలోకి తెరుచుకునే ఉంటాయి. అంటే ప్రతి బోల్టు కొసా కూలెంట్‌లో మునిగి ఉంటుంది. ఇంజను వేడెక్కి ఒత్తిడి పెరిగేసరికి కూలెంట్ మరల వెంట పైకి పాకుతుంది, దీపం వత్తి వెంట నూనె ఎక్కినట్టు. దాన్ని ఆపేది మరలకు రాసిన సీలెంటే.

ఎగ్జాస్ట్ వైపు కింది వరుసలో ఏడు పొట్టి బోల్టులుంటాయి. వాటి వెంట ఎక్కిన నీరు తల కింద నుంచి బయటికి ఊరి, బ్లాకు పక్కన జారి సెల్ఫ్ మీద పడుతుంది. అది మీకు కనిపించింది కాబట్టి అదృష్టం. టాపెట్ కవరు (హెడ్ మీది మూత) లోపలి బోల్టుల వెంట ఎక్కితే నేరుగా ఆయిల్‌లో కలుస్తుంది, అది బయటికి కనిపించదు.

అందుకే ఆయిల్‌ను ఇవాళే చూడండి. రాత్రంతా కదలకుండా ఉంది కాబట్టి కలిసిపోని నీరు బరువుకు అడుక్కి దిగి ఉంటుంది. ఆయిల్ నిలిచే చాంబర్ కింది ప్లగ్గును పూర్తిగా విప్పకుండా నెమ్మదిగా వదులు చేసి, మొదట కారేదాన్ని గాజు సీసాలో పట్టండి.

నీలంట్రక్కు | ఆదివారం సాయంత్రం 5:35

మొదట ఒక చెంచాడు ఆకుపచ్చ నీళ్ళు వచ్చాయి, ఆ తర్వాతే ఆయిల్. సీసా పట్టుకుని చాలాసేపు నిలబడిపోయాను.

టెస్టరు తెచ్చి 15 పౌండ్లకు పంపు కొట్టాను. ఇరవై నిమిషాల్లో 11కు దిగింది. అద్దం పెట్టి వెతికితే కుడి హెడ్ కింది వరుసలో, వెనక నుంచి రెండో బోల్టు తల కింద ఆకుపచ్చ పూస ఒకటి నెమ్మదిగా లావవుతూ కనిపించింది. కోర్ ప్లగ్గులు, ఇన్‌టేక్ మూలలు, పంపు అన్నీ పొడిగా ఉన్నాయి.

ఇప్పుడు హెడ్లు రెండూ విప్పి కొత్త గ్యాస్కెట్లు వేయాలా? లేక బోల్టులు ఒక్కొక్కటిగా తీసి సీలెంట్ రాసి బిగించవచ్చా?

పాతస్పానర్ | ఆదివారం సాయంత్రం 6:15

ఒక్కొక్కటిగా చేయవచ్చు. నేను రెండు ఇంజన్లకు అలా చేశాను, రెండూ బాగున్నాయి. పదహారు బోల్టులు పట్టి ఉంచగా ఒక్కటి తీస్తే గ్యాస్కెట్ కదలదు.

డీజిల్‌గుండె | ఆదివారం సాయంత్రం 6:40

పాతస్పానర్ గారితో ఇక్కడ విభేదిస్తున్నాను. ఆయిల్‌లోకి నీరు వచ్చింది బోల్టుల వెంటే అని మనకు ఎలా తెలుసు? గ్యాస్కెట్ నుంచి రావచ్చు, ఇన్‌టేక్ వెనక మూల లోపలివైపు నుంచి, ఇన్‌టేక్ కింద ఉండే లిఫ్టర్ల లోయలోకి రావచ్చు. మా డీజిల్ ఇంజన్లలో తడి లైనర్ల (చుట్టూ నీరు తగిలే సిలిండర్ గొట్టాల) అడుగు రబ్బరు రింగు నుంచి కూడా ఇలాగే చాంబర్‌లోకి దిగుతుంది. ఒకచోట లీకు దొరికిందని రెండో చోటు లేదనుకోవడం ప్రమాదం. ఇంత కష్టపడి కట్టిన ఇంజను, ఇంకో రెండు రోజులు పెట్టి పూర్తిగా విప్పి చూడటమే మంచిదని నా అభిప్రాయం.

మైక్రోమీటర్ | ఆదివారం రాత్రి 7:30

ఇద్దరి మాటలోనూ సత్యముంది. విప్పకుండానే తేల్చే మార్గం ఒకటుంది. టాపెట్ కవర్లు రెండూ తీసి, మళ్ళీ 15 పౌండ్లు ఎక్కించి, లోపలి బోల్టుల తలల చుట్టూ చూడండి. అక్కడ పచ్చటి చెమ్మ కనిపిస్తే ఆయిల్‌లోకి వెళ్ళే దారి దొరికినట్టే. ఆ తలలు పొడిగా ఉండి కూడా ఒత్తిడి తగ్గుతుంటే డీజిల్‌గుండె గారు చెప్పినట్టు ఇన్‌టేక్ నుంచి మొదలుపెట్టి విప్పాలి.

హెడ్లను, బ్లాకు పైభాగాన్ని చెక్కించి ఉంటే ఇన్‌టేక్ కోణం తేడా వచ్చే అవకాశం ఉంది. దాని బోల్టులు బిగించేటప్పుడు చేత్తోనే సులువుగా దిగాయా, లేక మానిఫోల్డ్‌ను జరిపి బలవంతంగా దింపాల్సి వచ్చిందా?

నీలంట్రక్కు | సోమవారం రాత్రి 9:15

ఇన్‌టేక్ బోల్టులన్నీ వేళ్ళతోనే దిగాయి, అది బాగా గుర్తుంది.

టాపెట్ కవర్లు తీసి ఒత్తిడి ఎక్కించాను. కుడి హెడ్‌లో రెండు, ఎడమ హెడ్‌లో ఒక లోపలి బోల్టు తలల కింద చెమ్మ. ఎడమదాన్ని తుడిచి మళ్ళీ చూశాను, పది నిమిషాల్లో మళ్ళీ వచ్చింది. ఒక్కొక్కటిగా చేయాలని నిర్ణయించుకున్నాను. డీజిల్‌గుండె గారూ, మీ హెచ్చరిక మరవను. ఇది చేశాక కూడా ఒత్తిడి నిలవకపోతే పూర్తిగా విప్పుతాను.

పాతస్పానర్ | సోమవారం రాత్రి 9:50

రేడియేటర్ ఖాళీ చేస్తే సరిపోదు, బ్లాకు రెండు పక్కలా ఉన్న ప్లగ్గులు కూడా తీయండి. లేదంటే బోల్టు తీసిన ప్రతిసారీ రంధ్రంలోకి నీరు ఎగదన్నుతుంది. ఇంజను పూర్తిగా చల్లగా ఉండాలి. బిగించిన క్రమంలోనే ఒక్కో బోల్టు తీసి, వైరు బ్రష్‌తో మరలు తోమి, జిడ్డు పోయేలా కడిగి ఆరబెట్టండి. రంధ్రం మరలను గుడ్డతో తుడిచి, గాలి కొట్టండి, కళ్ళద్దాలు పెట్టుకుని. టెఫ్లాన్ కలిసిన ముద్ద రకం పైపు సీలెంట్ మరల చుట్టూ నిండుగా రాయండి. కుళాయిలకు చుట్టే టేపు వాడకండి, తెగిన ముక్కలు నీటి గదిలో పడతాయి. తల కింద మాత్రం ఆయిల్ చుక్క వేయండి, లేకపోతే టార్క్ రెంచ్ రాపిడినే బిగింపుగా చూపిస్తుంది. 88కు బిగించి తర్వాతిదానికి వెళ్ళండి. రెండు బోల్టులు ఒకేసారి ఎప్పుడూ తీయకండి.

కుడి ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ అడ్డు వస్తుంది. దాన్ని దించేస్తే చేయి హాయిగా పోతుంది.

వోల్టుమీటర్ | సోమవారం రాత్రి 10:20

ఎలాగూ మానిఫోల్డ్ దించుతున్నారు కాబట్టి అదే రోజు సెల్ఫ్ కూడా దించి, కూర్చునే చోటు తళతళలాడేలా గీకండి. ఎర్త్ వైరు చివర్లూ అంతే. మోటారు మీద పడిన కూలెంట్‌ను మంచినీటితో తుడిచి ఆరనివ్వండి. తుడవకుండా వదిలేస్తే ఆ కూలెంట్ తీగల చివర్ల మీద తుప్పు పుట్టిస్తుంది.

నీలంట్రక్కు | శుక్రవారం రాత్రి 8:40

ఆలస్యానికి క్షమించండి, బోల్టులు వచ్చేదాకా ఆగాను.

34 హెడ్ బోల్టులకు ఒకటిన్నర రోజు పట్టింది. సీలెంట్ డబ్బా మీద రాసినంతసేపు ఆగి, నీళ్ళు నింపి 15 పౌండ్లు ఎక్కించాను. గంటసేపు ముల్లు కదలలేదు.

రంగు గీకాక, కొత్త గరుకు బోల్టులతో సెల్ఫ్ బిగించి కొలిచాను. నాలుగు చోట్లా ఎడం 0.3 మిల్లీమీటర్లు. మైక్రోమీటర్ గారు ఊహించినట్టే మరీ తక్కువ. 0.38 మిల్లీమీటర్ల షిమ్‌లు ఉన్నాయి, ఒకటి వేస్తే సరిపోతుందా?

మైక్రోమీటర్ | శుక్రవారం రాత్రి 8:55

సరిపోదు. సెల్ఫ్ రింగ్ గేరుకు సూటిగా కింద కాకుండా పక్కగా ఉంటుంది కాబట్టి షిమ్ మందం మొత్తం ఎడంగా మారదు. 0.38 షిమ్‌కు పెరిగేది సుమారు 0.13. రెండు వేయండి, రెండు బోల్టులకూ పట్టే పూర్తి షిమ్‌లే. 0.55 దగ్గరికి రావాలి. బయటి బోల్టు కింద మాత్రమే వేసే సగం షిమ్ ఎడాన్ని తగ్గించడానికి వాడేది, మీకు కావలసింది దానికి వ్యతిరేకం.

నీలంట్రక్కు | శనివారం మధ్యాహ్నం 1:30

రెండు షిమ్‌లతో 0.55 వచ్చింది. బ్యాటరీ నెగెటివ్‌కు సెల్ఫ్ ఒంటికి మధ్య ఇప్పుడు 0.15 వోల్టులు. కొత్త ఆయిల్, కొత్త ఫిల్టరు వేశాను. తాళం తిప్పగానే చురుగ్గా తిరిగి, రెండో చుట్టులోనే అందుకుంది. తాళం వదిలాను. కీచుమనలేదు. మా అమ్మ ఇంట్లోంచి బయటికి వచ్చి, "నాన్న బండి చప్పుడు కదా" అంది.

పాతస్పానర్ | శనివారం మధ్యాహ్నం 1:45

చాలా సంతోషం! కామ్ కొత్తది, చదును లిఫ్టర్లు అయితే ఇప్పుడు ఐడిల్‌లో వదిలేయకండి. మొదటి ఇరవై నిమిషాలు 2000 నుంచి 2500 చుట్ల మధ్య పెంచుతూ తగ్గిస్తూ నడపాలి. గాలి బుడగ వెళ్ళేలా హీటరు పూర్తిగా తెరిచి, వేడిని గమనిస్తూ ఉండండి. రేడియేటర్ మూత వేడిలో తీయవద్దు. ఆ ఆయిల్‌ను, ఫిల్టరును ఈ పరుగు అయిపోగానే మార్చండి. మిగిలిన చెమ్మ, కొత్త భాగాల నుంచి రాలిన పొడి అందులో వచ్చేస్తాయి.

నీలంట్రక్కు | ఆదివారం ఉదయం 7:05

ఇరవై ఐదు నిమిషాలు నడిపాను. థర్మోస్టాట్ తెరుచుకున్నాక నీటిమట్టం కొంచెం దిగింది, చల్లారాక నింపాను. రాత్రి బండి కింద తెల్ల అట్టముక్క పరిచి పడుకున్నాను, ఇప్పుడే చూశాను, మచ్చ కూడా లేదు. ఆయిల్ మళ్ళీ సీసాలో పట్టి దించాను, మొదటి చుక్క నుంచి చివరిదాకా ఆయిలే.

డీజిల్‌గుండె గారూ, నెల తర్వాత ఇంకోసారి ఒత్తిడి ఎక్కించి చూసి ఇక్కడే రాస్తాను.

డీజిల్‌గుండె | ఆదివారం ఉదయం 7:40

తప్పకుండా రాయండి. అప్పుడు టాపెట్ కవర్లు కూడా ఒకసారి తీసి చూడండి, ముఖ్యంగా ఎడమవైపు ఆ ఒక్క బోల్టు.